ఖాళీ కొట్టములలో పరుల గుఱ్ఱములు

మన గ్రామములలో ట్రాక్టరు ప్రవేశించిన నాటినుండి ఎడ్లకొట్టములు పెక్కుచోట్ల ఖాళీగా నున్నవి. తండ్రుల కాలమున నాలుగు జతలు కట్టిన గాడియొద్ద నేడు ఒక్క గేదెయో, కట్టెల మోపులో, పాత గొట్టములో కానవచ్చును. కొట్టము వెనుక ఎకరమో రెండెకరములో సాగునకు రాని బీడుండుటయు కలదు. పట్టణమునకు దాపున నున్న ఊళ్లలో ఇట్టి చోటు చూచి, "మా గుఱ్ఱమును మీ కొట్టములో కట్టుకొనెదము, బీటిలో మేపుకొనెదము, నెలకింత యిచ్చెదము" అని యడుగువారు వచ్చుట కలదు. అట్టివారిలో పెండ్లి ఊరేగింపులకు గుఱ్ఱములను పంపువారుందురు, స్వారి నేర్పువారుందురు, వేడుకకై ఒక గుఱ్ఱమును కొని పట్టణములో చోటులేక చిక్కుపడినవారు నుందురు. ఊరకయున్న కొట్టమునకు అద్దె వచ్చుట మేలే గదా యని రైతునకు తోచును. తోచినంతనే ఒప్పుకొనక ముందుగా తెలిసికొనవలసిన సంగతులు కొన్ని యున్నవి. వానినే ఇచట వివరించుచున్నాను.

పరుల పశువును మన యింట నుంచుకొనుట మనకు క్రొత్త గాదు. పెయ్యదూడను సగపాలుకు పెంపకమున కిచ్చుట, పుచ్చుకొనుట మన పెద్దలెఱిగిన పద్ధతియే. కోత లైన పిమ్మట గొల్లల మందను పొలములో నిలిపించుకొని ఎరువు సంపాదించుటయు నట్టిదే. ఐతే ఈ రెండింటియందును రైతునకు పశువులో గాని, దాని వలని ఫలములో గాని పాలుండును. గుఱ్ఱము సంగతి అట్లు గాదు. అది పూర్తిగా పరులది. పాలు లేవు, దూడ లేదు, దుక్కి లేదు. వచ్చునది రొక్కమును లద్దెయు మాత్రమే. కాన ఆ రొక్కమునకు బదులుగా మనమేమి యమ్ముచున్నామో మొదట స్పష్టముగా నెఱుగవలెను. నీడ, నీరు, మేత యని మూడు చెప్పుదురు. నాలుగవది యొకటి యున్నది: కనిపెట్టి యుండుట. అర్ధరాత్రమున కొట్టములో దబదబ చప్పుడైనపుడు లేచి దీపము పట్టుకొని పోవువాడు పట్టణములో నిద్రించు యజమాని కాడు, రైతు. ఈ నాలుగవదానికి వెల కట్టనివాడు మొదటి యేడు ముగియకముందే విసిగి మానుకొనును.

ఈ వ్యాపారము చిరకాలముగా నడచుచున్న దేశములలో ఇంగ్లండొకటి. అచ్చట దీనిని లివరీ యందురు. అది పాత ఫ్రెంచి మాటనుండి వచ్చినది. ఇచ్చుట, పంచిపెట్టుట యని దాని మూలార్థము. ప్రభువులు తమ పరివారమునకు బట్టలను, గుఱ్ఱములకు దాణాను కొలిచి యిచ్చుటకు ఆ పేరుండెను. నౌకరుల ఉడుపునకు నదే పేరు నిలిచినది. నేడచ్చట చిన్నకారు రైతులు, ఇంటి వెనుక నాలుగెకరముల పచ్చిక గలవారు, తమకు మిగిలిన సాలలను పరుల గుఱ్ఱముల కిచ్చి కొంత రాబడి పొందుచున్నారు.

వారిలో వాడుకలో నున్న పద్ధతులు ముఖ్యముగా నాలుగు. పచ్చికలో మాత్రము విడిచి, సాల ఇయ్యకుండుట యొకటి. సాలయు పచ్చికయు ఇచ్చి, మేపుట, శుభ్రపఱచుట, నీరు పెట్టుట మొదలగు పనులన్నియు యజమానియే వచ్చి చేసికొనునట్లు ఏర్పఱచుకొనుట రెండవది. కొన్ని పనులు రైతును, కొన్ని యజమానియు పంచుకొనుట మూడవది. సర్వమును రైతే చేసి, యజమాని వచ్చి స్వారి చేసి పోవుట నాలుగవది. అద్దె మొదటిదానికి తక్కువ, నాలుగవదానికి ఎక్కువ.

క్రొత్తగా ఆరంభించువారిని ఆకర్షించునది రెండవ పద్ధతి. పని లేదు, అద్దె మాత్రము వచ్చునని తోచును. యజమాని తెల్లవాఱుజామున ఉద్యోగమునకు పోవుటకు ముందొకమాఱును, సాయంకాలము తిరిగి ఒకమాఱును వచ్చి తన గుఱ్ఱమును తానే చూచుకొనవలెను. వేసవి దినములలో అట్లే జరుగును. పిమ్మట చలికాలము వచ్చును. యజమానికి జ్వరము వచ్చును, దారి మంచుతో మూసికొనిపోవును, బిడ్డకు పరీక్షలుండును. గుఱ్ఱము మాత్రము ఆకలిగొని సకిలించుచుండును. రైతు చూచి ఊరకుండలేడు. లేచి యింత గడ్డి వేయును, నీరు పెట్టును. మఱునాడును అంతే. చలికాలము గడచునప్పటికి రెండవ పద్ధతి అద్దెకు నాలుగవ పద్ధతి చాకిరి చేసినవాడగును. ఇందులో యజమాని దుర్మార్గుడని చెప్పుటకు లేదు. ఎవరు రానినాడు ఎవరు చేయవలెనో ముందుగా ననుకొనకపోవుటయే దీనికి కారణము.

కావున ఒడంబడికలో ఈ మాట తప్పక యుండవలెను: ఉదయము ఇన్ని గంటల లోపల యజమాని గాని, ఆతడు పంపిన మనిషి గాని రానిచో, ఆ పూట మేత, నీరు, శుభ్రము రైతు చూచును, అందుకు పూట కింత కూలి, వేసిన మేత వెల నెలాఖరున చెల్లింపవలయును. ఈ యొక్క వాక్యము వ్రాసికొన్నవాని యింట తగవులు సగము తగ్గును. మన దేశములో యజమాని రాడు, సయీసును పంపును. సయీసు పండుగకు ఊరికి పోవును. ఫలమొక్కటే.

ఇక పచ్చిక సంగతి. వేఱుగా మేత పెట్టక పచ్చికమీదనే పోషింపవలెనన్నచో గుఱ్ఱమొక్కింటికి అర హెక్టారు మొదలు ఒక హెక్టారు వఱకు, అనగా సుమారు ఎకరముంబాతిక మొదలు రెండున్నర ఎకరముల వఱకు, మంచి పచ్చిక కావలెనని ఇంగ్లండు ప్రభుత్వపు గుఱ్ఱముల సంక్షేమ నియమావళి చెప్పుచున్నది. అది ఏడాది పొడుగున చినుకు పడుచుండు దేశపు లెక్క. మన మెట్టబీడు మాఘమాసమునకే ఎండి, వైశాఖమున నేల తేలును. కాబట్టి మన బీటిని మేత యని ఎన్నరాదు. గుఱ్ఱము కాలు సాచి తిరుగుటకు చోటని మాత్రమే ఎన్నవలెను. వానకాలము రెండు మూడు నెలలు దొరకిన గరిక లాభమే. గరిక గుఱ్ఱమునకు మిక్కిలి యిష్టమైన గడ్డి. మిగిలిన నెలలకు ఎండుగడ్డి కొని తేవలసినదే. "బీడున్నది, మేత ఖర్చు లేదు" అని యజమాని అద్దె తగ్గింపజూచినచో, ఆ బీటిని వేసవిలో నొకమాఱు చూచి పొమ్మనుడు.

గుఱ్ఱము మేయు తీరును వేఱు. ఆవు నాలుకతో చుట్టి త్రెంచును గాన కొంత మోడు మిగులును. గుఱ్ఱమునకు పైని క్రిందను ముందరి పండ్లు గలవు; నేలకు అంటునట్లు కొఱుకును. అదియు గాక, లద్దె వేసిన చోట మేయదు. కొన్ని నెలలకు బీడంతయు రెండు తీరులగును: ఒకచోట గొఱిగినట్లు, మఱియొకచోట ఏపుగా పెరిగి పనికిరానట్లు. లద్దెలో పురుగుల గ్రుడ్లుండి, పొదిగి, గడ్డిమీదికి ప్రాకి తిరిగి గుఱ్ఱము కడుపున చేరును. అందుచేత ఇంగ్లండు రైతులు వారమునకు రెండు మాఱులైనను బీటిలోని లద్దె ఏరించెదరు. గుఱ్ఱములు విడిచిన గడ్డిని మేపుటకు వెనుక ఆవులను తోలెదరు. ఆవు కడుపున గుఱ్ఱపు పురుగు సామాన్యముగా బ్రదుకదు కాన బీడు కొంత శుభ్రపడును. ఏరిన లద్దె మనకు నష్టము గాదు. పెద్ద గుఱ్ఱము దినమునకు సుమారు ఇరువది కిలోల పచ్చి లద్దె నిచ్చును. అది వేడి యెరువు. పచ్చిగా వేసినచో మొక్కను మాడ్చును. దిబ్బలో మాగవేసి పిమ్మట వాడవలెను. ఈ యెరువు ఎవరిదన్నదియు పత్రములో నుండవలెను.

ఇప్పుడు చెప్పబోవునది ఈ పాఠములో ముఖ్యభాగము. పశువులను చక్కగా పెంచు రైతే గుఱ్ఱము విషయమున ఎక్కువగా పొరపడు నవకాశము గలదు; ఏలయన తనకు తెలిసిన మేతనే దానికిని పెట్టును. గేదెకు నెమరు గలదు. దాని పొట్టలోని సూక్ష్మజీవులు గరుకు మేతను మెత్తబఱచి, కొన్ని విషములను సైతము విఱిచివేయును. గుఱ్ఱమునకు నెమరు లేదు, పొట్ట చిన్నది, మేత పులియుట వెనుకటి పెద్దప్రేగులో జరుగును. తిన్నది సరిపడకున్నచో వాంతి చేసికొనుటకును దానికి శక్తి లేదు. కడుపుశూల వచ్చి, పొరలాడి, ఒక్క రాత్రిలో చనిపోయిన గుఱ్ఱములు కలవు. బూజు పట్టిన వరిగడ్డిని ఎద్దు సైచును, గుఱ్ఱము సైపదు. మంచి వరిగడ్డియైనను పఱుపునకు వేయదగునే గాని ముఖ్యమైన మేత కాదు.

గేదెలకు నేపియరు గడ్డి వేయుడని ఈ పత్రికలోనే పలుమాఱులు వ్రాసియున్నాను. ఆ మాట గేదెలకు చెల్లును. నేపియరు, గినీగడ్డి, అంజన్‌గడ్డి మొదలగు ఉష్ణదేశపు గడ్డులలో ఆక్సలేటు అను పదార్థముండును. గేదె కడుపులో అది విఱిగిపోవును. గుఱ్ఱము కడుపులో అట్లు కాక, మేతలోని సున్నపుసత్తువను పట్టివేసి ఒంటికి పట్టనీయదు. తవుడులో భాస్వరము మెండు. అదియు సున్నపుసత్తువను క్రుంగదీయును. నేపియరు కోసి వేసి, పైన తవుడు కలిపి కుడితి పెట్టుట గేదెకు రాజభోగము. అదియే నెలల తరబడి గుఱ్ఱమునకు పెట్టినచో ఎముకలు గుల్లబాఱి, దవడలు ఉబ్బి, నడక కుంటువడును. ఇట్టి గడ్డులే గతియైనచో లూసర్ను వంటి పప్పుజాతి మేత కలుపవలెను. దానిలో సున్నము సమృద్ధిగా నుండును. ఉలవలను నానబెట్టియో ఉడికించియో కొలతతో పెట్టుట మన దేశపు పాత వాడుక, అది మంచిదే. పచ్చిజొన్న లేతగా నున్నపుడు పశువులకు చేటని అందఱెఱుగుదురు. గుఱ్ఱమునకు మఱియొక కీడును గలదు: చాలదినములు పచ్చిజొన్న మేసినచో వెనుకకాళ్లు తూలి, మూత్రము నిలువక జాఱును. సంచులలో వచ్చు దాణాలలో కొన్నిటియందు మొనెన్సిన్ అను మందు కలుపుదురు. అది గుఱ్ఱమునకు ప్రాణాంతకము. కోళ్ల దాణా గాని, పశువుల దాణా గాని సంచిపై చీటి చదువక గుఱ్ఱము ముందు పోయరాదు.

విషపు మొక్కల సంగతి. ఇంగ్లండు పచ్చికలలో రాగ్వర్ట్ అను పచ్చని పూల మొక్క గలదు. పచ్చిగా నున్నప్పుడు చేదుగా నుండుటచే గుఱ్ఱము ముట్టదు. ఎండుగడ్డిలో కలిసినపుడు చేదు పోవును, విషము పోదు. తిన్న గుఱ్ఱము కాలేయము చెడి చచ్చును. మనకు ఆ మొక్క బాధ లేదు గాని అంతకన్న దగ్గఱనే రెండున్నవి. ఇంటిముందు గన్నేరు ఒకటి. కొమ్మలు నఱికి బీటిలో పాఱవేయుట కూడదు. రెండవది ఆముదము. ఆముదపు గింజల విషమునకు గుఱ్ఱము మిక్కిలి లొంగును. స్వల్పముగా తిన్నను చచ్చును. నల్లగొండ, మహబూబునగరము ప్రాంతములవారు ఆముదపు గింజలు ఆరబోసిన కళ్లములోనికి గుఱ్ఱమును రానీయకుందురు గాక. ఆముదపు చెక్క ఎరువుగా చల్లిన చేలోనికిని పోనీయరాదు.

కొట్టము ఖాళీగా నున్నంతమాత్రమున గుఱ్ఱమునకు తగినదని తలపరాదు. గుఱ్ఱమొక్కింటికి పండ్రెండడుగుల పొడవు, పండ్రెండడుగుల వెడల్పు గల గది, నాలుగడుగుల వాకిలి కావలెను. మన కొట్టముల చూరు పొట్టిది. ఎద్దు తల వంచి నడచును, గుఱ్ఱము బెదరినచో తల యెత్తి వాసమునకు కొట్టుకొనును. రేకుల కప్పైనచో వేసవిలో పైన తాటాకులో గడ్డియో వేయింపవలెను. మూత్రము నిలిచిన నేలపై నిలిచిన గుఱ్ఱమునకు గిట్ట క్రుళ్లును. చుట్టును ముళ్లతీగ యున్నచో ముందుగా దానిని తీసివేయవలెను. గేదె తీగను చూచి నిలుచును. గుఱ్ఱము బెదరి పరుగెత్తి తీగలోబడి చర్మము చీల్చుకొనును. లాడములు కొట్టువాడు ఆఱు మొదలు ఎనిమిది వారములకొకమాఱు రావలెను. ఆ ఖర్చు యజమానిది.

అంటువ్యాధుల విషయమున ఏమఱరాదు. మన ఖాళీ కొట్టము ప్రక్కనే సామాన్యముగా పాడిపశువులుండును. సర్రా యను వ్యాధి యొకటి గలదు. దానిని జోరీగలు ఒక పశువు నెత్తురునుండి మఱియొక పశువు నెత్తురునకు మోయును. ఆవులు, గేదెలు పైకి ఏ గుర్తును లేకుండ ఆ క్రిమిని ఒంట నుంచుకొని తిరుగవచ్చును. గుఱ్ఱమునకు సోకినచో విడిచి విడిచి జ్వరము, నెత్తురు సన్నగిల్లుట, కాళ్లును పొట్టక్రిందను వాపు, చిక్కిపోవుట కలిగి, వైద్యము లేనిచో మరణించును. కాబట్టి ఇంగ్లండువారు ఆవులను గుఱ్ఱములను ఒక్క బీటిలో త్రిప్పుచున్నారని చదివి మనము వానకాలమున అట్లు చేయుట తగదు. ఆ బీడు ఈగలు తగ్గిన పిమ్మట, పశువుల నెత్తురు పరీక్ష చేయించి, వేర్వేఱు దినములలో వాడుకొనవలెను.

గ్లాండర్స్ అనునది అంతకన్న భయంకరము. ముక్కునుండి చిక్కని రసి కాఱుట, చర్మముపై గడ్డలు పగిలి పుండ్లగుట దాని గుర్తులు. ఇది మనుష్యులకును అంటును. 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ చట్టపు పట్టికలో ఇది చేరియున్నది. అనుమానము తోచినపుడు గ్రామాధికారికి గాని పంచాయతీకి గాని తెలుపుట యజమానికే గాక, పశువు ఎవరి యధీనమున నున్నదో వారికిని విధి. అందుచేత గ్లాండర్స్ లేదని పరీక్షాపత్రము చూపని గుఱ్ఱమును వాకిటిలోనికే రానీయవలదు. ఊరేగింపు గుఱ్ఱములు నూఱు ఊళ్లు తిరిగి వచ్చును గాన వానియెడ మఱింత జాగ్రత్త కావలెను. క్రొత్తగా వచ్చిన గుఱ్ఱమును మూడు వారములు వేఱుచోట, వేఱు తొట్టితో, వేఱు బకెట్టుతో నుంచి, దవడక్రింద గడ్డ గాని, దగ్గు గాని, జ్వరము గాని లేదని తేలిన పిమ్మట తక్కిన వానితో చేర్పవలెను. ధనుర్వాతము గుఱ్ఱమునకు ఇట్టే పట్టును; దానికి టీకా యున్నదో లేదో అడుగుడు. కొట్టము ఊడ్చు మీ యింటివారును ధనుర్వాతపు టీకా వేయించుకొనుట మంచిది.

ఇక చట్టము. పరుల వస్తువును మనము పదిలపఱచుటకు పుచ్చుకొన్నప్పుడు 1872 నాటి ఒడంబడికల చట్టము మనకు వర్తించును. తన సొంత సొత్తును బుద్ధిమంతుడైనవాడు ఎంత జాగ్రత్తగా చూచుకొనునో అంత జాగ్రత్త మనము చూపవలెను. అట్లు చూపినను హాని కలిగినచో, వేఱు కరారు లేనియెడల, మనము బాధ్యులము కాము. గుఱ్ఱమునకు తన్నునట్టి, కఱచునట్టి దుర్గుణమున్నచో యజమాని ముందే చెప్పవలెను. చెప్పక దాచినచో హానికి ఆతడే బాధ్యుడు. ఆ చట్టములోని దృష్టాంతమే గుఱ్ఱమును గూర్చినది. పొగరుబోతు గుఱ్ఱమని యెఱిగియు చెప్పక ఎరువిచ్చినవాడు, దానిమీదినుండి పడి గాయపడినవానికి నష్టపరిహారమీయవలెనని అందున్నది. మీ యింట నుండగా ఆడుగుఱ్ఱము ఈనినచో పిల్లయు యజమానిదే. సగపాలు అలవాటు గలవారు ఈ మాట మఱవవలదు.

కష్టమైన ప్రశ్న మఱియొకటి. యజమాని మూడు నెలలు అద్దె కట్టలేదు. టెలిఫోను చేసిన పలుకడు. గుఱ్ఱము మీ గాడియొద్ద నిలిచి మేయుచున్నది. ఏమి చేయవలెను? బాకీ తీఱువఱకు గుఱ్ఱమును పోనీయనని మీరనవచ్చును. వజ్రమును సానబట్టినవాడు కూలి వచ్చువఱకు వజ్రమును తనయొద్ద నుంచుకొనవచ్చునని మన చట్టమున్నది. ఏలయన ఆతడు తన శ్రమచేతను నేర్పుచేతను దానికి మెఱుగు పెట్టినాడు. ఊరక మేపినవానికి ఆ హక్కు కలుగునా యనునది వాదమునకు చోటిచ్చు విషయము. ఇంగ్లండులో 1839లోనే న్యాయస్థానము, పశువులను మేపుటకు పుచ్చుకొన్నవానికి మేపుకూలికై వానిని నిలుపుకొను హక్కు లేదని తీర్పు చెప్పినది. అచ్చటివారు నేడు 1977 నాటి చట్టము ననుసరించి, నోటీసునిచ్చి, గడువు చూచి, గుఱ్ఱము నమ్మి, తమ బాకీ పోగా మిగిలినది యజమానికై యుంచవలసియున్నది. మనమైతే బాకీకై గుఱ్ఱమును నిలుపుకొను హక్కును, ఇన్ని దినముల నోటీసు పిమ్మట అమ్ముకొను హక్కును ఒడంబడికలో స్పష్టముగా వ్రాయించుకొని, వకీలుచే చూపించుకొనవలెను.

అయినను గుఱ్ఱమును పస్తు పెట్టుటకు మాత్రము ఏ పత్రమును మీకు హక్కు నీయజాలదు. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టములో యజమాని యన్న మాటకు, ఆ సమయమున జంతువు ఎవరి స్వాధీనమున నున్నదో ఆ మనిషి యనియు నర్థము చెప్పియున్నారు. అనగా అద్దె రాని గుఱ్ఱమునకు మేత మానిపించినచో శిక్ష మీకు. వీధిలోనికి తోలివేసినను అంతే. బాకీదారుడు పట్టణములో నుండగా నెలకు పావుటన్నునకు పైగా గడ్డి మీరు కొని వేయవలసివచ్చును. దీనికి మందు ఒక్కటే: గుఱ్ఱము వాకిట అడుగిడకముందే మూడు నెలల అద్దెయు, మూడు నెలల మేత వెలయు ధరావతుగా పుచ్చుకొనుట. ధరావతు పెట్టలేనివాడు గుఱ్ఱమును పోషింపలేనివాడే. ఆ మాట మొగమాటము లేక చెప్పుడు.

లెక్క యొకటి వేసి చూతము. నాలుగువందల కిలోల గుఱ్ఱమునకు దినమునకు సుమారు తొమ్మిది కిలోల ఎండుగడ్డి యనుకొందము. నెలకు 270 కిలోలు. ఏటికి 3,285 కిలోలు. నీరు దినమునకు 25 మొదలు 50 లీటర్లు, వేసవిలో ఇంకను ఎక్కువ. లద్దె యెత్తుట, నీరు, మూడు మాఱులు మేత, తోముటకు దినమున కొకటిన్నర గంట పట్టునేని నెలకు 45 గంటలు. అనగా ఎనిమిది గంటల పనిదినములు ఐదున్నరకు పైగా. మీ యూరిలో ఎండుగడ్డి ధరయు, కూలిధరయు ఈ అంకెలపై వేసి, పఱుపు, మరమ్మతులు, బీడు వేఱువిధముగా ఇయ్యగల ఆదాయము కలిపినచో, ఏ అద్దె క్రిందికి దిగరాదో తెలియును. ఇల్లాలు కొట్టమూడ్చిన గంటలు కూలిలో చేర్పకుండుట మన లెక్కలలోని పాత దురాచారము. ఈ లెక్కలో అవి చేర్పవలెను.

దీనికై క్రొత్త కొట్టము కట్టుటకు అప్పు అడుగువారికి నా సలహా, వలదనియే. 2012 పశుగణనలో మన దేశమున 6.25 లక్షల గుఱ్ఱములు, పొట్టి గుఱ్ఱములు లెక్కకు వచ్చినవి. 2019 గణనలో 3.42 లక్షలకు తగ్గినవి. ఇంతగా తగ్గుచున్న పశువును నమ్మి అప్పు చేయరాదు. ఉన్న కొట్టమునకు చూరు ఎత్తించి, ముళ్లతీగ తీసి, ఒకటి రెండు గుఱ్ఱములతో చేయదగిన పని యిది. పట్టణమునకు గంటలో చేరరాని ఊరివారు దీని జోలికి పోకుండుటయే మంచిది. యజమాని తఱచుగా రాలేని గుఱ్ఱము త్వరలోనే మీ గుఱ్ఱమగును.

ఒక్కొక్కరే బేరమాడినపుడు గుఱ్ఱము గలవారు ఈ రైతు అద్దెను ఆ రైతునకు చూపి తగ్గించెదరు. ఒక సంఘములో ఇట్టి సభ్యులు నలుగురున్నను చాలును: ఒకే ఒడంబడిక నమూనా, ఒకే కనిష్ఠపు అద్దె, ఎండుగడ్డి కోతకాలమున కలిసి కొనుగోలు, క్రొత్త గుఱ్ఱములను మూడు వారములుంచుటకు ఊరి వెలుపల ఉమ్మడి పాక యొకటి ఏర్పఱచుకొనవచ్చును. ఉమ్మడి పాకలో వంతులు ముందే వ్రాసికొనవలెను.

మొదటి గుఱ్ఱమును చేర్చుకొనుటకు కార్తీకమాసము అనుకూలమైనది. జోరీగలు తగ్గును, బీటిలో ఇంకను పచ్చదన ముండును, ఎండుగడ్డి సరసముగా దొరకును, ఎండలు ముదురుటకు ముందు నాలుగు నెలల వ్యవధి యుండును. మొదటి ఒడంబడికను జ్యేష్ఠమాసాంతము వఱకే వ్రాసికొనుడు. ఒక వేసవి గడచిన పిమ్మట, తొలకరి ఈగలు రాకముందు, కొనసాగింపవలయునో మానవలయునో మీకును యజమానికిని తెలియును.